చేతుల సావడి మీద గడ్డపార

మీరే చేశారు. రోడ్డు గీత గీసిన ఇంజనీర్లు, దాని మీద మొహరు గుద్దిన కచేరీ పెద్దలు, గుత్త పట్టిన నాగప్ప. మీ అందరికీ కలిపే చెబుతున్నాను. పాన్‌గల్ నుంచి ఖిల్లా ఘణపూర్ పోయే కొత్త సడక్‌ను జాజుగుట్ట దగ్గర వంకర తిప్పింది మీరే. తిన్నగా పోతే అది దొర బత్తాయి తోటలోంచి పోవాలి. బత్తాయి చెట్టుకు నొప్పి తగలకుండా గీతను జరిపారు. జరిపిన గీత వచ్చి చేతుల సావడి నడినెత్తిన పడింది. పడితే పడనీ అన్నారు. "పాడుబడ్డ రాతికొట్టం, దేనికీ పనికిరాదు" అని రాసుకున్నారు.

ఎవరు చూసి రాశారు? ఏ పూట చూశారు? ఎవరిని అడిగారు? కచేరీలో పంకా కింద కూర్చొని పటం మీద చూశారు. పటం మీద సావడి ఒక చుక్క. ఆ చుక్క ఏమిటో ఇప్పుడు వినండి.

జాజుగుట్ట కింద రెండు బండిబాటలు కలిసే చోట ఉంటుంది ఆ సావడి. మొరటు రాతి స్తంభాలు, పైన బండల కప్పు. మూడు దిక్కులా తెరుపు. దక్షిణం దిక్కు మాత్రం పొడుగాటి గోడ ఒకటి. చెక్కిన బొమ్మ లేదు, రాసిన అక్షరం లేదు. పంట కోతలు అయిపోయాక, తినడానికి ఇంట్లో ఏమీ మిగలనప్పుడు, చుట్టుపక్కల కూలిజనం ముఠాలు కట్టి దేశం మీద పనికి పోయేది ఇక్కడి నుంచే. చెరువు కట్టలు, రైలు కట్టలు, కాలువలు. ఎక్కడ మట్టి తవ్వాలంటే అక్కడికి పాలమూరు మనిషి పోవాల్సిందే కదా.

పోయే ముందు ప్రతి మనిషీ ఒక పని చేస్తాడు. గుట్ట మీది ఎర్రటి జాజుమట్టిని నీళ్ళలో కలిపి, అందులో అరచెయ్యి ముంచి, ముఠా అంతా చూస్తుండగా ఆ గోడ మీద అద్దుతాడు. దాన్ని చెయ్యి తెరవడం అంటారు. తిరిగి వచ్చాక అదే మనిషి అదే చేతిని సున్నంలో ముంచి, తన ఎర్రచెయ్యి మీద తానే పూస్తాడు. దాన్ని చెయ్యి మూయడం అంటారు. ఒకరి చెయ్యి ఇంకొకరు మూయకూడదు. పెళ్ళాం మూయకూడదు, కొడుకు మూయకూడదు, మేస్త్రీ అసలే మూయకూడదు.

మరి తిరిగి రాని వాళ్ళ సంగతి? వాళ్ళ చెయ్యి తెరిచే ఉంటుంది. ఏటా మిరుగం కార్తె వానలు పడగానే ఆడవాళ్ళు గోడకు సున్నం వేస్తారు. తెరిచిన చేతుల మీద చుక్క పడకుండా చుట్టూ వేస్తారు. అలా ఏటేటా పొర మీద పొర పేరుకొని, పాత చేతులు గోడలో గుంటలైపోయాయి. కొన్ని గుంటల్లో వేలు పెడితే గోరంతా మునుగుతుంది.

ఇందులో ఇంకో కట్టు ఉంది. గోడ మీద తెరిచిన చెయ్యి ఉన్నంతకాలం ఆ మనిషిని తీసుకుపోయిన మేస్త్రీకి నిమ్మళం లేదు. ఏ పనికి పోయినా, ఏ ఊళ్ళో దిగినా, ముందు ఆ మనిషి జాడ అడగాలి. తిరిగి వచ్చాక సావడిలో నిలబడి, విన్నది విన్నట్టు ఇంటివాళ్ళకు చెప్పాలి. ఏమీ దొరక్కపోతే దొరకలేదని చెప్పాలి. చెప్పని మేస్త్రీ వెంట మరుసటేడు ఒక్కడూ పోడు. కూలిజనానికి పోలీసు లేడు, కోర్టు లేదు. ఈ గోడ ఉంది.

జర్మనీ లడాయి అయిపోయిన మరుసటేడు, ఈ ఎండాకాలంలో ఆ గోడ మీద అన్నిటికంటే కొత్తగా తెరిచిన చెయ్యి దానియేలుది. అతను ఎస్తేరమ్మ పెనిమిటి. రాళ్ళు కొట్టేటప్పుడు సుత్తె పడి అతని చిటికెనవేలు సగం పోయింది, అందుకని గోడ మీద కూడా ఆ వేలు సగమే పడింది. భీమన్న మేస్త్రీ ముఠాతో తుంగభద్ర దిక్కు కట్ట పనికి పోయాడు. దారిలో జ్వరం తగిలింది. భీమన్న అతన్ని రాయచూరు అవతల ఒక దవాఖానలో దింపి, ముఠాను పనికి తోలుకుపోయాడు. తిరుగుదారిలో అడిగితే, లేచి ఎటో పోయాడన్నారు. నిరుటి మిరుగానికి భీమన్న సావడిలో నిలబడి ఈ మాట చెప్పాడు. మళ్ళీ పోయినప్పుడు వెతుకుతానన్నాడు. ఆ మిరుగానికి దానియేలు చేతి చుట్టూ ఒక పొర సున్నం పడింది. ఒకే ఒక్క పొర.

ఈ ఏడు భీమన్న ఎటూ పోలేదు. నాగప్ప రోడ్డు పని ఊరి ముందుకే వచ్చింది. ముఠా అంతా అందులో చేరింది. ఎస్తేరమ్మ కూడా కంకర కొడుతున్నది.

పాత కట్టడం ఏది కూల్చాలన్నా ముందు పట్నం నుంచి ఒక సాబ్ వచ్చి చూసి, దాని విలువేమిటో, ఉంచాలో తీసేయాలో రాయాలి. సర్కారు కాయిదా అది. కాయిదా మంచిదే. సాబ్ రేపు వస్తున్నాడని తెలియగానే భీమన్నకు కాలు నిలవలేదు. సాబ్ చూస్తే సావడి నిలుస్తుందని అతని నమ్మకం. ఇక్కడ పెద్దమనిషి వస్తున్నాడంటే ఇంటికి సున్నం వేస్తారు. పెళ్ళికీ అంతే, పండగకీ అంతే. మర్యాద అంటే సున్నమే. ముఠా కుర్రాళ్ళను పోగేసి, నాగప్ప బట్టీ నుంచి సున్నం తెచ్చి, ఈ కొస నుంచి ఆ కొసకు గోడంతా కొట్టించాడు.

పొద్దు గుంకి మసకపడ్డాక ఎస్తేరమ్మ కంకర గంప దించి సావడిలోకి వచ్చింది. వచ్చి అక్కడే నిలబడిపోయింది.

"ఏంది భీమన్నా ఇది?"

"ఎట్లుంది సెల్లె? ముత్యం లెక్క మెరుస్తలేదూ?" భీమన్న గడ్డం మీది సున్నపు చుక్కలు తుడుచుకుంటూ నవ్వాడు.

"చేతులేవి?"

"యాడికి పోతయి? లోపలనే ఉన్నయి. ఎర్రెర్ర మరకలు చూస్తే సాబ్ ఇదేదో పసులకొట్టం అనుకోడా? పరువు పోదూ?"

"మా ఆయన చెయ్యి?"

భీమన్న నవ్వు ఆగింది. గోడకేసి చూశాడు. ఆ చెయ్యి ఎక్కడుండేదో అతనికే ఆనవాలు దొరకలేదు.

"నీకు మంచి సుఖమైంది," అంది ఎస్తేరమ్మ. "చెయ్యి కనవడకపోతే ఎతికే పని లేదు గద. ఇగ కాళ్ళు జాపుకొని పండు."

"గంత మాట అనకు సెల్లె."

"అంట. ఇంకా అంట. మిరుగానికి గీడనే నిలవడి ఎతుకుతనంటివి. ఎతికినవా? నాగప్ప పని దొరికింది, ఊరు కదలలే. నువ్వు కదలవు, గోడ కదిలిపోతది. ఇగ నేనెవర్ని అడగాలె?"

అప్పటికి హన్మమ్మ అవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. ఏటా దగ్గరుండి సున్నం వేయించేది ఆమే. గోడ చూసి నోటి మీద చెయ్యి వేసుకుంది.

"నన్ను పిలువాలని తెల్వదారా? మొగోల్ల సేతికి కుంచె ఇస్తే గిట్లనే ఉంటది. అడ్డమొస్తే అమ్మ మొకానికి గూడ కొడ్తరు."

"గీకుదామా అవ్వా?" భీమన్న గొంతు తగ్గించి అడిగాడు.

"గీకు. సున్నంతో పాటు జాజు గూడ ఊడొస్తది. అప్పుడు నెత్తి గూడ గీకుకో."

భీమన్న కుంచెను బకెట్లో పడేశాడు. పిల్లగాళ్ళు ఒక్కొక్కరే జారుకున్నారు.

మర్నాడు ఎండ నడినెత్తికి వచ్చాక సాబ్ నాగప్ప లారీలో దిగాడు. పేరు బాలరాజు. పాత కట్టడాలు చూసి రాయడమే అతని నౌకరీ. సన్నటి మనిషి, కళ్ళద్దాలు, భుజానికి సంచి, చేతిలో కొలిచే టేపు. దుమ్ముకు కళ్ళు ఎర్రబడి ఉన్నాయి. ఈ పర్యటనలో ఎన్ని చూశాడో, ఇంకెన్ని చూడాలో తలచుకుంటే అతనికే విసుగు. స్తంభాలు కొలిచాడు. కప్పు చూశాడు. గోడ ముందు నిలబడ్డాడు. గోడ తెల్లగా, కొత్తగా, ఏమీ తెలియనట్టు ఉంది.

"శాసనం ఏదైనా ఉందా?"

"లేదు సాబ్," అన్నాడు భీమన్న.

"ఏ రాజు కట్టించాడు?"

హన్మమ్మ అందుకుంది. "రాజు కడ్తే మాకు తెల్వకుంటుంటదా సాబ్? పన్ను అడగనీకి ఎవడో ఒకడు వస్తుండె గద."

బాలరాజు మూతి కదిలింది గాని నవ్వలేదు.

"ఏనూ ఇల్ల సాబ్," అన్నాడు నాగప్ప. రాయచూరు దిక్కు మనిషి, తెలుగులో కన్నడం కలిపి మాట్లాడతాడు. "శాసన ఇల్ల, బొమ్మ ఇల్ల. రాయి ఉంది. మంచి రాయి. ముందల వాగు మీద మోరీలు కట్టనీకి సరిపోతది. మీరు సై అంటే రేపే గడ్డపార ఏస్త."

"గోడ మీద చేతులున్నయి సాబ్," అంది ఎస్తేరమ్మ.

"ఎక్కడ?"

"సున్నం కింద."

"సున్నం ఎవరు వేశారు?"

"మేమే."

నాగప్ప తొడ చరుచుకొని నవ్వాడు. "ఇన్నరా సాబ్! ఉన్నయనేది వాళ్ళే, మూసినమనేది వాళ్ళే. నేనూ అంట, మా ఇంటి గోడ కింద బంగారం ఉందని. రాయున్రి."

బాలరాజు కళ్ళద్దాలు తీసి చెమట తుడుచుకున్నాడు. "అమ్మా, నాకు కనిపించింది రాయాలి. కనిపించనిది రాస్తే పైవాళ్ళు నా నౌకరీ తీస్తారు."

"కనవడేదాక ఉండు మరి."

"ఉంటే కనిపిస్తుందా?"

"నాకు తెల్వదు. ఉండకపోతే మాత్రం కనవడదు."

సాబ్ సంచి సర్దుకొని బయటికి నడిచాడు. అక్కడితో కథ అయిపోయేదే. పట్నం నుంచి వచ్చిన చాలా మంది సాబ్‌లతో అక్కడితోనే అయిపోయింది కూడా. ఎన్ని గోడలు అలా పోయాయో ఎవరు లెక్కపెట్టారు?

కానీ లారీ పొగలు కక్కుతున్నది. ఇంజనులో నీళ్ళు మరిగిపోయాయి. ఎండ తగ్గేదాకా అది కదలదని డ్రైవరు తేల్చి చెప్పాడు. నాగప్ప పరుగున వచ్చాడు.

"పరేషాన్ కాకున్రి సాబ్. దొర తోటల మంచం ఏయించిన. బత్తాయి రసం తీయించిన. నడిసిపోతే గీ పక్కనే."

బాలరాజు తోట వైపు చూశాడు. నడుమ నీడ అన్నది లేదు, నేల నిప్పు కక్కుతున్నది. వెనక్కి తిరిగి సావడిలోకి చూశాడు. బండల కింద నల్లటి చల్లదనం. కంకర కొట్టే ఆడవాళ్ళు అప్పుడే సద్దులు విప్పుతున్నారు.

"ఇక్కడే బాగుంది," అన్నాడు.

హన్మమ్మ జొన్నరొట్టె మీద ఉల్లిగడ్డ కారం పెట్టి ఇచ్చింది. సాబ్ బాసింపట్టు వేసుకొని తిన్నాడు. ఇంకోటి అడిగి మరీ తిన్నాడు. తర్వాత సంచి తల కింద పెట్టుకొని రాతి అరుగు మీద ఒరిగాడు. ఒరిగినవాడు ఒరిగినట్టే నిద్రపోయాడు.

"ఇదేం చూసుడమ్మా," అంది హన్మమ్మ. "సావిడి చూడనీకి వచ్చినోడు సావిట్ల గురకలు వెడ్తుండు."

"పండుకోనీ," అంది ఎస్తేరమ్మ. "పండుకుంటే ఉన్నట్టే గద." మిగతా ఆడవాళ్ళు పనికి లేచారు గాని ఆమె లేవలేదు. స్తంభానికి ఆనుకొని అక్కడే కూర్చుంది.

పొద్దు వంగింది. పడమటి తెరుపులోంచి ఎండ సావడిలోకి దూరింది. ముందు నేల మీద పాకింది. తర్వాత గోడ వెంబడి, గోడను రాసుకుంటూ, ఏటవాలుగా పోవడం మొదలుపెట్టింది. అప్పుడు కనిపించాయి.

ముందు ఒక నీడ. సున్నం మీద బూడిదరంగు వేలు ఒకటి. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అయిదు వేళ్ళూ అరచెయ్యీ. దాని పైన మరో చెయ్యి, అవతల చిన్నది, బహుశా ఆడమనిషిది. ఒక్క పొర సున్నంతో గుంటలు పూడతాయా? పూడలేదు. సున్నం తెలుపు మీద నీడ ఇంకా నల్లగా నిలిచింది. భీమన్న కుర్రాళ్ళు మూసేశామనుకున్న చేతులన్నీ గోడ పొడుగునా లేచి నిలబడ్డాయి.

"సాబ్!" ఎస్తేరమ్మ అరిచింది. "లే సాబ్! కనవడ్డయి!"

బాలరాజు ఉలిక్కిపడి లేచాడు. కళ్ళద్దాలు వెతుక్కొని పెట్టుకున్నాడు. గోడ చూసి చెప్పులు లేకుండానే నడిచాడు. ఒక చేతి గుంటలో చూపుడువేలు పెట్టాడు. గోరు మునిగింది. అంచు దగ్గర పెచ్చు ఊడిన చోట వంగి చూశాడు. పొర మీద పొర, ఉల్లిగడ్డ పొరలంత సన్నగా, తెల్లగా.

"ఇది ఎవరిది?"

"తెల్వదు సాబ్," అంది హన్మమ్మ. "మా అవ్వకూ తెల్వదు. ఆమె చిన్నప్పటికే ఇంత లోతుండెనంట."

"పేరు కూడా తెలియని మనిషికి ఇన్నేళ్ళు ఎందుకు తెరిచి ఉంచారు?"

"పేరు పోయింది. చెయ్యి ఉంది గద. ఎట్ల మూస్తం?"

అప్పుడు అడిగాడు సాబ్, అడగాల్సినవి. చెయ్యి ఎప్పుడు తెరుస్తారు, ఎవరు మూస్తారు, మేస్త్రీ ఏం చెప్పాలి, సున్నం ఎవరు వేస్తారు. హన్మమ్మ ఒకటి చెబుతుంటే, పని దిగి వచ్చిన ఆడవాళ్ళు మరొకటి అందించారు. అతను నిలబడే రాసుకున్నాడు.

కేకలు విని నాగప్ప వచ్చాడు. గోడ చూసి ఒక్క క్షణం నోరు తెరిచాడు. వెంటనే మూసి, మళ్ళీ తెరిచాడు. "ఇదేం పెద్ద వింత సాబ్? పండగొస్తే మా ఇంట్ల ఆడోల్లు గూడ గోడకు చేతులు అద్దుతరు. అదీ పాత కట్టడమేనా?"

"మీ ఇంట్లో గోడకు గుంట పడిందా నాగప్పా?"

నాగప్ప గోడకు దూరంగా జరిగాడు.

"రాజైతే ఒకసారి కట్టించి పోతాడు," అన్నాడు బాలరాజు. "దీన్ని వీళ్ళు ఏటా కడుతూనే ఉన్నారు. ఇలాంటిది నేనింతవరకు చూడలేదు. ఇది ఉండాలి. అదే రాస్తాను." సంచిలోంచి రోడ్డు పటం తీసి పరిచాడు. వేలితో గీత వెంట పోయి ఆగాడు. "తిన్నగా వచ్చిన సడక్ ఇక్కడ ఎందుకు వంగింది?"

నాగప్ప ఆకాశం చూశాడు.

"బత్తాయిలకు దండం పెట్టనీకి వంగింది సాబ్," అంది హన్మమ్మ.

సావడంతా గొల్లున నవ్వింది. ఈసారి సాబ్ కూడా నవ్వాడు. పటం మీద వంకరను కొట్టేసి, తోటలోంచి తిన్నగా గీత గీశాడు.

అందరూ నవ్వుతున్నారు గాని ఎస్తేరమ్మ నవ్వలేదు. ఆమె గోడ పడమటి కొసన ఉంది. రెండు అరచేతులతో సున్నం మీద తడుముతున్నది. పైన, కింద, మళ్ళీ పైన. అక్కడ గోడ నున్నగా ఉంది. ఎండ రాసుకుంటూ పోతున్నా నీడ పడలేదు. ఒక్క పొరకు గుంట ఎక్కడ పడుతుంది?

"పాత చేతులన్నీ లేసినయి," అంది. "మా ఆయనదే లేదు."

భీమన్న తల దించుకున్నాడు. నాగప్పకు మాత్రం నోరాగలేదు. "గిన్ని దొరికినయి గద. సాలవా నీకు?"

సాబ్ కోసం తెచ్చిన నీళ్ళ కడవ అక్కడే ఉంది. ఎస్తేరమ్మ దాన్ని రెండు చేతులా ఎత్తింది. నాగప్ప నెత్తిన కొడుతుందనే అందరూ అనుకున్నారు. నాగప్ప కూడా అలాగే అనుకొని రెండడుగులు వెనక్కి వేశాడు. ఆమె వాడిని కొట్టలేదు. కోపమంతా కలిపి కడవలోని నీళ్ళను గోడకు కొట్టింది. నీళ్ళు పెళ్ళున పడి కిందికి కారాయి.

తడిసిన సున్నం తెలుపు చచ్చింది. పల్చటి పాలలా మారింది. ఆ పాల వెనక నుంచి ఎరుపు తేలింది. ముందు బొటనవేలు, తర్వాత అరచెయ్యి, తర్వాత మిగతా వేళ్ళు. చివరి వేలు సగమే ఉంది.

"దానియేలే," అన్నాడు భీమన్న.

ఎస్తేరమ్మ తన అరచెయ్యి దాని పక్కన ఆనించింది. దాని మీద పెట్టలేదు. పెట్టకూడదు.

"ఆరితే మల్ల పోతది," అంది భీమన్న దిక్కు చూడకుండానే. "ఆరకముందే చెప్పు. ఏం జేస్తవ్?"

భీమన్న ముందుకు వచ్చి, ముఠా అంతా వినేటట్టు చెప్పాడు. "రేపు పొద్దుగాల పోత. ఆ దవాఖాన కాడికెల్లి మొదలువెడ్త. దొరికేదాక ఊర్లకు రాను."

"రేపు పోతే ఇక్కడ నీ పని పోతది," అన్నాడు నాగప్ప.

"పోనీ."

"మేస్త్రీతనం పోతది!"

"నీ దగ్గర పోతది. గోడ దగ్గర ఉంటది."

హన్మమ్మ ఆలస్యం చేయలేదు. తడి ఆరేలోపే ఒక మేకు తీసుకొని దానియేలు చేతి చుట్టూ లోతుగా గీత గీసింది. ఇక నుంచి ఆ గీత లోపల సున్నం పడదు. "నీళ్ళు తేన్రే!" అని కేక వేసింది. ఆడవాళ్ళు కడవలకు పరుగెత్తారు. ఇంకా గుంటలు పడని చేతులు ఎవరెవరివి ఉన్నాయో అవన్నీ తడిపారు, అవన్నీ గీశారు. ఒకరి కొడుకు, ఒకరి తోడబుట్టినవాడు, ఒకరి తల్లి. సాబ్ ధోవతి మోకాళ్ళ దాకా తడిసింది. మూసిన చెయ్యేదో తెరిచిన చెయ్యేదో ఒక్కొక్కటీ అడుగుతూ, కడవలు కూడా అందించాడు.

"సాబ్‌కు పని నేర్పినం," అంది హన్మమ్మ. "వచ్చే మిరుగానికి కూలికి పిలుద్దాం."

భీమన్న అన్నట్టే పోయాడు. మిరుగం వచ్చింది, వానలు పడ్డాయి, కందులు మొలకెత్తాయి. ఒకరోజు పొద్దెక్కాక కాళ్ళ నిండా బురదతో అతను నేరుగా సావడికి వచ్చి గోడ ముందు నిలబడ్డాడు. కలుపు తీస్తున్నవాళ్ళు కొడవళ్ళు పట్టుకొనే వచ్చారు. ఎస్తేరమ్మను ముందుకు తోశారు.

"దొరికిండు," అన్నాడు భీమన్న.

ఎస్తేరమ్మ దానియేలు చేతి పక్కన అరచెయ్యి ఆనించింది. "యేసయ్యా" అన్న ఒక్క మాట వినబడింది.

"జ్వరం తగ్గినంక మా ముఠాను ఎతుక్కుంట బయలెల్లిండంట. నడుమల ఒక రాతిగనిల పని ఒప్పుకున్నడు. బండ జారి కాలు ఇరిగింది. మిషన్ దవాఖానోల్లు సూసి కట్టు కట్టిన్రు. ఇప్పుడు ఆల్ల తోటకే నీళ్ళు వెడ్తుండు. నన్ను చూసి ఏమన్నడో తెల్సా? 'ఏం మేస్త్రీ, ఇంత ఆల్షమా' అన్నడు."

"కాలు ఇరిగితే ఇరిగింది," అంది ఎస్తేరమ్మ కళ్ళు తుడుచుకుంటూ. "చెయ్యి బాగుంది గద?"

"బాగుంది. సగం ఏలు ఎన్నటి లెక్కనే లేదు."

ఆమె నవ్వింది. ఏడుస్తూనే నవ్వింది. హన్మమ్మ ఆమె వీపు మీద ఒకటి చరిచి, తానూ నవ్వింది.

"ఇంకా దూరం నడవలేడు," అన్నాడు భీమన్న. "దసరాకు గద్వాల దాక ఎడ్లబండి దొరుకుతదంట. గద్వాల కాడ మేం ఎదురువోయి తోలుకొస్తం. ఒకటే అడిగిండు. నా చెయ్యి ఉందా, అని. ఉంది, అని చెప్పొచ్చిన."

ఉందని చెప్పాడు. మరి ఉంటుందా?

బాలరాజు రాయాల్సింది రాసి ఎప్పుడో పంపాడు. సావడి ఉండాలి, సడక్ తోటలోంచి తిన్నగా పోవాలి, ఇంతే అందులో ఉంది. ఆ కాగితం మీ కచేరీలో ఎవరి బల్ల మీద పండుకుంది? రాతి అరుగు మీద నిద్రపోయిన సాబ్ అయినా లేచాడు, మీరు లేవరా? నాగప్ప గడ్డపారలు సావడి మూలన కుప్పగా పడి ఉన్నాయి. హుకుం రాకపోతే, వానలు ఆగగానే కూలుస్తానని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. రోజూ పొద్దున ముఠా ఆడవాళ్ళు వంతు వేసుకొని ఆ గడ్డపారల మీద కూర్చుంటున్నారు. కలుపు వదిలేసి, కూలి వదిలేసి కూర్చుంటున్నారు. మీరు చేయాల్సిన కాపలా వాళ్ళు చేస్తున్నారు.

అందుకని అడుగుతున్నాను, బతిమాలడం లేదు. ఆ కాగితం మీద ఈ వారంలోనే సంతకం పెట్టండి. నాగప్పను గడ్డపారలు ఎత్తుకుపొమ్మనండి. గీతను తిరిగి తోటలోకి జరపండి. దొరకు బత్తాయిలు మళ్ళీ కాస్తాయి. ఇకమీద ఏ పాత గోడ మీదైనా ఇనుము వేసే ముందు మీ మనిషిని పంపండి. వచ్చినవాడు లారీ దిగి లారీ ఎక్కిపోకూడదు. పొద్దున వచ్చి పొద్దు గుంకేదాకా అక్కడే ఉండాలి, అక్కడి రొట్టె తినాలి, ఆ గోడకు సున్నం వేసే ఆడవాళ్ళను ముందు అడగాలి. రాజు పేరు తర్వాత అడగొచ్చు.

దానియేలు వస్తున్నాడు. కుంటుకుంటూ వచ్చి, సున్నంలో చెయ్యి ముంచి, తన చేతిని తానే మూయాలి. దానికి గోడ కావాలి. గోడను ముట్టకండి.